క్యాంపర్ వ్యాన్‌లో బాస్క్ ప్రాంతం: ముందు రాత్రి చోటు, ఆ తర్వాతే రూట్

మేం టూలూజ్‌లో ఉంటాం, ఇక్కణ్ణుంచి బయోన్ సుమారు 300 కిలోమీటర్లు, అందుకని ఇప్పటికి మూడుసార్లు క్యాంపర్ వ్యాన్ (లోపలే పడకలు, వంటకి చోటు ఉండే బండి) తీసుకుని బాస్క్ వైపు వెళ్ళొచ్చాం, ఒకసారి అత్తయ్యగారు మామయ్యగారు కూడా ఇండియా నుంచి వచ్చి మాతో తిరిగారు. అప్పట్నుంచీ "అక్కా, వ్యాన్ ఎక్కడ ఆపుతారు", "వీసాకి హోటల్ బుకింగ్ బదులు ఏం పెట్టారు", "రైస్ కుక్కర్ పనిచేస్తుందా" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. అందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొదట్నుంచి వరసగా రాసేస్తున్నా.

ఒక్క మాట ముందే చెప్తా. హోటల్ ట్రిప్‌కి ఏం చూడాలో రాసుకుని తర్వాత రూమ్ వెతుకుతాం కదా, వ్యాన్ ట్రిప్‌కి ఇది పూర్తిగా తిరగేయాలి. రాత్రి చోటు ముందు, దానికి దగ్గర్లో ట్రైనో బస్సో ఉందా అన్నది రెండోది, చూడాల్సినవి మూడోది. ఈ వరస పాటిస్తే బాస్క్ ప్రాంతం చాలా సుఖంగా ఉంటుంది, లేదంటే రోజూ సాయంత్రం ఆరింటికి చంటిపిల్లల ఏడుపు మధ్య పార్కింగ్ వెతుక్కోవడమే సరిపోతుంది.

## 1. నెల, మ్యాప్ తేల్చుకోవడం

బాస్క్ ప్రాంతం రెండు దేశాల్లో ఉంది. స్పెయిన్ వైపు బిస్కాయా (బిల్బావ్), గిపుస్కోవా (దొనోస్తియా, అంటే సాన్ సెబాస్టియన్), అరాబా (వితోరియా-గస్తేయ్స్), పక్కనే నవార్రా (పాంప్లోనా). ఫ్రాన్స్ వైపు బయోన్, బియారిట్స్, సాన్ జాన్ ద లూజ్, కొండల్లో ఎస్పెలెత్, సాన్ జాన్ పియె ద పోర్. బిల్బావ్ నుంచి దొనోస్తియాకి సుమారు 100 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ఫ్రాన్స్ బార్డర్ 20 కిలోమీటర్లే. ఇంత చిన్న ప్రాంతం కాబట్టి రోజుకి 80 కిలోమీటర్లు దాటి నడపొద్దు, దాటాల్సి వస్తోందంటే ప్లాన్‌లో ఊళ్ళు ఎక్కువైనట్టే.

మే, జూన్, సెప్టెంబర్ బాగుంటాయి. జూలై, ఆగస్టుల్లో వెళ్ళాల్సి వస్తే ఈ పండగల తేదీలు చూసుకోండి, ఆ రోజుల్లో ఆ ఊరి చుట్టుపక్కల వ్యాన్‌కి చోటు దొరకదు:

- పాంప్లోనా సాన్ ఫెర్మిన్: జూలై 6 నుంచి 14
- బయోన్ జాతర: జూలైలో, ఐదు రోజులు
- దొనోస్తియా ఆస్తె నగుసియా: ఆగస్టు 15 చుట్టూ
- బిల్బావ్ ఆస్తె నగుసియా: ఆగస్టు 15 తర్వాత వచ్చే శనివారం మొదలు

వాన ఏ నెలలో అయినా పడుతుంది. అక్కడి వాళ్ళు సిరిమిరి అని పిలిచే సన్న తుంపర ఒకటి ఉంటుంది, గొడుగు తియ్యాలా వద్దా అనుకునేలోపే బట్టలన్నీ తడిపేస్తుంది. రెయిన్ కోట్లు, వ్యాన్ గుమ్మం దగ్గరకి ఒక పాత కాళ్ళపట్టా, తడి బట్టలకి ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్ తప్పకుండా పెట్టుకోండి.

## 2. కాగితాలు

వీసా. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి షెంగెన్ (స్పెయిన్, ఫ్రాన్స్ సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే) షార్ట్ స్టే వీసా, 180 రోజుల్లో 90 రోజులు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చెయ్యాలి, సమానంగా ఉంటే ముందు దిగే దేశానికి. రాత్రుల లెక్క ముందే తేలాలి అనడానికి ఇది కూడా ఒక కారణం. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవర్‌తో ఉండాలి.

హోటల్ బుకింగ్ బదులు ఏం పెట్టాలంటే, క్యాంప్‌సైట్ బుకింగులే పెట్టాలి. ప్రతి రాత్రికీ పేర్లు, తేదీలతో కన్ఫర్మేషన్, దాంతోపాటు వ్యాన్ అద్దె ఒప్పందం, ఒక పేజీలో రోజువారీ ప్లాన్. "వ్యాన్‌లో ఎక్కడో ఒక చోట పడుకుంటాం" అని రాస్తే మాత్రం అది బసకి ఆధారం కాదు. ముందురోజు దాకా క్యాన్సిల్ చేసుకోగలిగే సైట్లు చూసి బుక్ చేస్తే తర్వాత మార్చుకోవచ్చు.

లైసెన్స్. ఇండియన్ లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఇండియాలో ఉండగానే, మీ ఆర్టీవో ద్వారా. ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. ఇక్కడికి వచ్చాక తీసుకోవడం కుదరదు. అసలు లైసెన్స్ లేకుండా పర్మిట్ ఒక్కటే చెల్లదు, రెండూ జేబులో ఉండాలి. యూరప్‌లో కాపురం ఉంటున్నవాళ్ళకి ఇండియన్ లైసెన్స్ కొంత గడువు వరకే చెల్లుతుంది, మీరున్న దేశం రూల్ చూసుకున్నాకే వ్యాన్ బుక్ చెయ్యండి.

పాస్‌పోర్ట్. షెంగెన్ లోపలే కదా అని క్యాంప్‌సైట్‌లో వదిలేసి బార్డర్ దాటొద్దు. బార్డర్ ఊళ్ళు ఇరూన్, ఎండాయ్ మధ్య పోలీసులు ఆపి చూస్తారు, మమ్మల్ని రెండుసార్లు ఆపారు, రెండుసార్లూ కాగితాలు చూసి నిమిషంలో పంపించేశారు.

## 3. ఏ వ్యాన్ తీసుకోవాలి

మామూలు కార్ లైసెన్స్‌తో 3,500 కిలోల వరకే నడపొచ్చు. ఇది వ్యాన్ ఖాళీ బరువు కాదు, మనుషులు, నీళ్ళు, సామాను అన్నీ కలిపి. ఖాళీగా 2,950 కిలోలున్న బండి అనుకోండి, మిగిలేది 550. ఐదుగురు మనుషులు 330, ట్యాంక్ నిండా నీళ్ళు 100 లీటర్లంటే 100 కిలోలు, ఇంక 120 కిలోల్లో సూట్‌కేసులు, బియ్యం, కుక్కరు, కుర్చీలు అన్నీ సర్దాలి. అందుకే పెద్ద వ్యాన్ అంటే ఎక్కువ సామాను పడుతుంది అనుకోవద్దు, ఒక్కోసారి తక్కువే పడుతుంది.

బాస్క్ రోడ్లకి నా సలహా ఆరు మీటర్ల లోపు పొడవున్న ప్యానెల్ వ్యాన్ (డెలివరీ వ్యాన్ ఆకారంలోనే ఉండే క్యాంపర్), ఇద్దరికీ లేదా ఇద్దరు పిల్లలున్న ఇంటికీ అది చాలు. ఏడు మీటర్ల బండి హైవే మీద హాయిగానే పోతుంది కానీ లెకెయ్తియో, ఒందర్రోవా లాంటి చేపల రేవుల్లో మలుపు తిరగడానికి చెమటలు పడతాయి.

అడగాల్సినవి:

- ఎంతమంది పడుకోవచ్చు అని కాదు, సీట్ బెల్ట్ ఉన్న సీట్లు ఎన్ని అని (నడుస్తుండగా మంచం మీద ఎవరూ పడుకోకూడదు)
- బార్డర్ దాటడానికి రాతపూర్వక అనుమతి ఉందా
- రెండో డ్రైవర్ పేరు ఒప్పందంలో ఉందా
- డ్యామేజ్ అయితే మన జేబులోంచి గరిష్ఠంగా ఎంత పోతుంది, పైకప్పు, అద్దాలు అందులో కవర్ అవుతాయా
- చైల్డ్ సీట్లు ఇస్తారా (స్పెయిన్‌లో 135 సెంటీమీటర్ల లోపు ఎత్తు పిల్లలకి, ఫ్రాన్స్‌లో పదేళ్ళ లోపు పిల్లలకి తప్పనిసరి)

పెద్దవాళ్ళు వస్తుంటే ఒక్క మాట. రాత్రి పూట మంచం నిచ్చెన దిగి ఆ ఇరుకు టాయిలెట్‌కి వెళ్ళడం వాళ్ళకి నిజంగా కష్టం. మేం రెండో రాత్రికే ప్లాన్ మార్చి, అదే క్యాంప్‌సైట్‌లో వాళ్ళకి ఒక చిన్న చెక్క ఇల్లు తీసుకున్నాం, మేం పక్కనే వ్యాన్‌లో. పగలంతా కలిసే ఉంటాం, రాత్రి వాళ్ళకి మామూలు మంచం, మామూలు బాత్‌రూమ్. ఆ ట్రిప్‌లో మేం తీసుకున్న మంచి నిర్ణయం అదే, ఈసారి మీరు మొదట్నుంచే అలా బుక్ చేసుకోండి.

## 4. బండి చేతికొచ్చే రోజు

తొందరపెడతారు, తొందరపడొద్దు. కనీసం గంటన్నర కేటాయించండి. మొదటిసారి మేం ఊరికే చుట్టూ చూసి సంతకం పెట్టేశాం, తిరిగిచ్చేటప్పుడు వెనక బంపర్ కింద గీతకి డిపాజిట్‌లోంచి డబ్బు కోసుకున్నారు, అది ముందే ఉందని చూపించడానికి మా దగ్గర ఆధారం లేదు.

1. బండి చుట్టూ, కింద, పైకప్పు, లోపల గోడలు, టైర్లు ఒకే వీడియోగా తీయండి, తేదీ పలుకుతూ.
2. ఎత్తు, పొడవు, వెడల్పు మీటర్లలో కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అతికించండి. ఇది చాలా ముఖ్యం, బీచ్ పార్కింగుల దగ్గర రెండు మీటర్ల ఎత్తులోనే అడ్డకమ్మీ ఉంటుంది.
3. నీళ్ళ పంపు, హీటర్, ఫ్రిజ్, గ్యాస్ వాల్వ్, టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ కింద ఉండే, బయటికి తీసి ఖాళీ చేసే డబ్బా) తియ్యడం పెట్టడం వాళ్ళ ముందే మీ చేత్తో ఒకసారి చెయ్యండి.
4. ఏ ఇంధనమో మూత మీద చూడండి. బీ7 అంటే డీజిల్, ఈ5, ఈ10 అంటే పెట్రోల్. స్పెయిన్‌లో గాసోలియో అంటే డీజిల్, గాసోలినా అంటే పెట్రోల్, పేర్లు వినడానికి ఒకేలా ఉంటాయి. ఫ్రాన్స్‌లో డీజిల్‌ని గజోల్ అంటారు. నీలం మూత ఉన్నది యాడ్‌బ్లూ (డీజిల్ పొగని శుభ్రం చేసే ద్రవం), అందులో డీజిల్ పొయ్యకూడదు, డీజిల్ ట్యాంకులో అది పొయ్యకూడదు.
5. రిఫ్లెక్టివ్ జాకెట్లు సీటు దగ్గరే ఉన్నాయా చూడండి. స్పెయిన్ రిజిస్ట్రేషన్ బండికి 2026 జనవరి 1 నుంచి హెచ్చరిక ట్రయాంగిల్స్ బదులు వి-16 లైట్ (బండి ఆగిపోతే పైన పెట్టే హెచ్చరిక దీపం) తప్పనిసరి, ఫ్రాన్స్ బండికి ట్రయాంగిల్.

ఆ మొదటి సాయంత్రం దూరం పెట్టుకోవద్దు. అరగంట, ముప్పావుగంట నడిపి ఆగిపోండి, సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి సామాను సర్దుకోవడానికే రాత్రి అవుతుంది.

## 5. రాత్రి ఎక్కడ ఆపాలి

అందరూ తడబడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

చోట్లు మూడు రకాలు. ఒకటి క్యాంప్‌సైట్, కరెంటు, వేడినీళ్ళు, వాషింగ్ మెషీన్, బయట కుర్చీ వేసుకునే స్వేచ్ఛ అన్నీ ఉంటాయి. రెండోది మునిసిపాలిటీలు పెట్టే వ్యాన్ల ఏరియా, స్పెయిన్‌లో ఏరియా అనీ ఫ్రాన్స్‌లో ఏర్ అనీ అంటారు, డబ్బు తక్కువ, నీళ్ళు నింపుకోవడానికీ మురికినీళ్ళు వదలడానికీ చోటుంటుంది, కానీ 24, 48 లేదా 72 గంటలు అని పరిమితి ఉంటుంది, చాలాచోట్ల బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాళ్ళకే. మూడోది మామూలు పార్కింగ్.

మామూలు పార్కింగ్ విషయంలో స్పెయిన్ ట్రాఫిక్ విభాగం చూసే తేడా ఏంటంటే, "పార్కింగ్" వేరు, "క్యాంపింగ్" వేరు. బండి గీతల లోపల సరిగ్గా ఆగి, టైర్లు తప్ప ఇంకేదీ నేలని తాకకుండా, బండి హద్దు దాటి ఏదీ బయటికి రాకుండా ఉంటే లోపల పడుకున్నా అది పార్కింగే. నీడకి గుడ్డ లాగినా, కుర్చీ దించినా, జాకీ కాళ్ళు వేసినా, చుక్క మురికినీరు కింద పడినా అది క్యాంపింగ్, జరిమానా పడుతుంది. బయటికి తెరుచుకునే కిటికీలు కూడా మూసే ఉంచండి, గాలికి పైకప్పు వెంట్ చాలు. అయితే మునిసిపాలిటీ తన ఊళ్ళో అదనంగా బోర్డు పెట్టొచ్చు, వ్యాన్ బొమ్మ మీద ఎర్ర గీత కనిపిస్తే వాదించకుండా కదిలిపోండి. సముద్రం ఒడ్డున అయితే రెండు దేశాల్లోనూ ఇలాంటి బోర్డులు చాలా ఎక్కువ, బీచ్ ముందు నిద్రపోయి అలల చప్పుడుతో లేవాలన్న కోరిక ఉంటే దానికి క్యాంప్‌సైటే దారి.

ఇప్పుడు నేను నమ్మే చోట్లు, ఎందుకో కూడా చెప్తా:

బిల్బావ్: కొబెతమెందీ కొండ మీద వ్యాన్ల ఏరియా. ఊరంతా కింద కనిపిస్తుంది, బస్సులో దిగిపోవచ్చు. బిల్బావ్ నడిబొడ్డున 2024 నుంచి లో ఎమిషన్ జోన్ (ఎక్కువ పొగ వదిలే బండ్లని రానివ్వని ప్రాంతం) ఉంది, బండి సెంటర్లోకి తీసుకెళ్ళే ఆలోచనే వద్దు. మెట్రోకి బారిక్ కార్డు తీసుకుంటే టికెట్ కన్నా చవక.

ముందాకా: నది సముద్రంలో కలిసే చోటుకి ఎదురుగా కొండవాలు మీద క్యాంప్‌సైట్. గెర్నికా, బెర్మెయో రెండూ ట్రైన్ దూరమే.

సరౌత్స్: ఊరి పైన కొండ మీద పెద్ద క్యాంప్‌సైట్, కింద పొడవాటి బీచ్. అసలు సంగతి ఊళ్ళో యూస్కోత్రెన్ (బాస్క్ లోకల్ ట్రైన్) స్టేషన్ ఉండటం. అరగంటలో దొనోస్తియా, ఇటు వైపు పది నిమిషాల చిల్లరలో సుమాయా. బండి రెండు మూడు రోజులు కదపక్కర్లేదు.

దొనోస్తియా: బెరియోలో ఏరియా ఉంది, 48 గంటల పరిమితి, సీజన్‌లో పొద్దున్నే వెళ్తేనే దొరుకుతుంది. దొరక్కపోతే కంగారు వద్దు, సరౌత్స్ నుంచో ఎండాయ్ నుంచో ట్రైన్‌లో రండి.

ఎండాయ్: ఫ్రాన్స్ వైపు, బీచ్ దగ్గర్లో క్యాంప్‌సైట్లు చాలా ఉన్నాయి. ఫ్రెంచ్ రైల్వే స్టేషన్ పక్కనే తోపో అనే చిన్న ట్రైన్ ఎక్కితే ముప్పావుగంట లోపు దొనోస్తియా మధ్యలో దిగుతాం. పార్కింగ్ గోల లేదు, టోల్ లేదు.

పాంప్లోనా: ఆర్గా నది ఒడ్డున త్రినితారియోస్ దగ్గర ఏరియా, పాత ఊరు పైన ఉంటుంది, లిఫ్ట్‌లో ఎక్కిపోవచ్చు.

జూలై, ఆగస్టుకి సముద్రం పక్క క్యాంప్‌సైట్లు మూడు నాలుగు నెలల ముందే బుక్ చెయ్యండి. ప్రతి రాత్రికీ ఒకటి అసలు చోటు, దానికి 20 కిలోమీటర్ల లోపు ఇంకోటి ప్రత్యామ్నాయం రాసుకోండి. సాయంత్రం నాలుగింటికల్లా చేరిపోవాలి, చీకటి పడ్డాక కొత్త చోట వెనక్కి తియ్యడం పనికిరాదు.

## 6. పది రోజుల రూట్

ఇదే చెయ్యాలని కాదు, ఈ వరసలో ఎందుకు పెట్టానో చూసుకుని మీకు కావలసినట్టు మార్చుకోండి.

1వ రోజు. బిల్బావ్‌లో బండి, కొబెతమెందీలో రాత్రి.

2వ రోజు. బండి కొండ మీదే, బస్సు, మెట్రోల్లో గుగెన్‌హైమ్ మ్యూజియం, పాత ఊరు. సోమవారం మ్యూజియం మూసి ఉండొచ్చు, తేదీ చూసుకోండి.

3, 4 రోజులు. బాకియో మీదుగా గస్తెలుగాచె, రాత్రులు ముందాకాలో. గస్తెలుగాచె ద్వీపానికి 241 మెట్లు, మెట్లు మొదలయ్యేలోపే కిలోమీటర్ పైన బాగా నిటారుగా దిగాలి, వచ్చేటప్పుడు అదంతా ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని పై నుంచి చూపించి అక్కడే కూర్చోబెట్టండి, వ్యూ అక్కణ్ణుంచే బాగుంటుంది. రద్దీ నెలల్లో ఉచిత టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. గెర్నికా సంత సోమవారం, కుదిరితే ఆ రోజుకి సరిపెట్టండి, పచ్చిమిరపకాయలు, చిక్కుడుగింజలు, జున్ను అన్నీ రైతుల దగ్గరే కొనొచ్చు.

5వ రోజు. లెకెయ్తియో చూసి ముత్రీకు దగ్గర క్యాంప్‌సైట్‌లో రాత్రి.

6, 7 రోజులు. సరౌత్స్. ఒక రోజు దొనోస్తియా, ఒక రోజు సుమాయా, గెతారియా.

8వ రోజు. బార్డర్ దాటి ఎండాయ్. సాయంత్రం సాన్ జాన్ ద లూజ్.

9వ రోజు. సార్ దగ్గర సాన్ ఇన్యాస్ కనుమ నుంచి లా రున్ పళ్ళచక్రాల ట్రైన్, 905 మీటర్ల ఎత్తుకి అరగంట పైచిలుకులో తీసుకెళ్తుంది, మా మామయ్యగారికి ట్రిప్ మొత్తంలో ఇదే నచ్చింది. పొద్దున మొదటి ట్రైన్‌కే టికెట్ కొనండి, పదింటికల్లా పార్కింగ్ నిండిపోతుంది. తర్వాత ఐనోవా, ఎస్పెలెత్, రాత్రి సాన్ జాన్ పియె ద పోర్.

10వ రోజు. రాన్సెస్‌వాలెస్ కనుమ (1,057 మీటర్లు) దాటి పాంప్లోనా, రాత్రి అక్కడే. బండి ఇవ్వాల్సింది 11వ రోజు మధ్యాహ్నం అయితే వితోరియా మీదుగా బిల్బావ్, ఈ ఒక్క రోజు మాత్రం 160 కిలోమీటర్లు.

ఆటుపోట్ల టైమ్ చూసుకోవడం మర్చిపోవద్దు. మన విశాఖలో ఆటుకీ పోటుకీ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు, ఇక్కడ అమావాస్య, పౌర్ణమిలకి నాలుగు మీటర్లు దాటుతుంది. సుమాయాలో ఇత్సురున్ బీచ్ దగ్గర పుస్తకంలో పేజీల్లా నిలబడిన రాతిపొరలు ఆటు సమయంలోనే పూర్తిగా కనిపిస్తాయి, పోటులో బీచే మాయమైపోతుంది. లెకెయ్తియోలో ద్వీపానికి నడిచివెళ్ళే దారి కూడా ఆటులోనే తేలుతుంది, నీళ్ళు ఎక్కకముందే వెనక్కి రావాలి, పిల్లలతో వెళ్తే గంట ముందే బయల్దేరండి. ఆ వారం టైమ్ టేబుల్ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుని దాన్నిబట్టి ఊళ్ళు ముందూ వెనకా జరుపుకోండి.

## 7. రోడ్డు మీద

కుడివైపు నడపాలి, రౌండ్ అబౌట్‌లో ముందే తిరుగుతున్న బండికి దారివ్వాలి. ఫ్రాన్స్‌లో ఊళ్ళ లోపల బోర్డు లేని కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చే బండిదే హక్కు, సందు ఎంత చిన్నదైనా సరే.

వేగం: ఊళ్ళో 50, స్పెయిన్‌లో ఒక్కో వైపు ఒకే లేన్ ఉన్న ఊరి వీధుల్లో 30. హైవే మీద స్పెయిన్‌లో 120, ఫ్రాన్స్‌లో 130 వరకు అని బోర్డు ఉన్నా ఈ బండితో 100 చాలు, గాలి కొడితే 80కి దించండి. సైకిల్ దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలి, బాస్క్ వాళ్ళకి సైకిల్ అంటే ప్రాణం, ప్రతి కనుమలోనూ కనిపిస్తారు.

బిల్బావ్ నుంచి బార్డర్ దాకా ఏపీ-8 టోల్ రోడ్డు, దొనోస్తియా దాకా దాని పక్కనే ఎన్-634 టోల్ లేని పాత రోడ్డు. సరౌత్స్, గెతారియా, సుమాయా మధ్య పాత రోడ్డే తీసుకోండి, సముద్రాన్ని ఆనుకుని పోతుంది. పెద్ద అలల రోజున నీళ్ళు రోడ్డు మీదికి కొడతాయి, అప్పుడు మాత్రం వద్దు. ఫ్రాన్స్‌లో టోల్ ఎత్తునిబట్టి మారుతుంది, రెండు నుంచి మూడు మీటర్ల మధ్య ఎత్తు, 3,500 కిలోల లోపు బండి రెండో తరగతి. పైన ఏసీ డబ్బా వల్ల మూడు మీటర్లు దాటితే మూడో తరగతి.

కనుమ దిగేటప్పుడు ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగండి. బ్రేక్ మీద కాలు పెట్టే ఉంచితే కాలిన వాసన వస్తుంది, వస్తే పక్కకి ఆపి పావుగంట చల్లారనివ్వండి, నీళ్ళు మాత్రం పొయ్యొద్దు.

బోర్డుల మీద ఊరిపేర్లు రెండు భాషల్లో ఉంటాయి. జీపీఎస్ పాంప్లోనా అంటుంది, బోర్డు ఇరూన్యా అంటుంది. వితోరియాని గస్తేయ్స్, బయోన్‌ని బయోనా, సాన్ జాన్ ద లూజ్‌ని దొనిబానె లోయిసునె అని రాస్తారు. ఇర్తేరా అంటే బయటికి దారి, అపర్కలేకువా పార్కింగ్, ఇచిత మూసి ఉంది, కొంతుస్ జాగ్రత్త. పలకరించడానికి కయిషో, థాంక్స్ చెప్పడానికి ఎస్కెరిక్ అస్కో, ఈ రెండు మాటలు అనండి చాలు, మొహాలు వెలిగిపోతాయి.

## 8. నీళ్ళు, టాయిలెట్, కరెంటు, గ్యాస్

సర్వీస్ పాయింట్ దగ్గర నా వరస ఇదీ:

1. చేతులు శుభ్రంగా ఉండగానే మంచినీళ్ళు, మన సొంత పైపుతో. ఎడాతెకో ఉరా, ఆగ్వా పొటాబ్లె, ఓ పొటాబ్ల్ అని రాసి ఉన్న పంపు నుంచే.
2. తర్వాత వాడిన నీళ్ళు జాలీ మీద వదలడం.
3. చివరికి టాయిలెట్ క్యాసెట్, గ్లౌజులు వేసుకుని. దాన్ని కడిగే పంపు వేరే ఉంటుంది, దాంతో మంచినీళ్ళు ఎప్పటికీ పట్టొద్దు.

నలుగురుంటే క్యాసెట్ రెండు రోజులకే నిండుతుంది, నిండాక ఖాళీ చేద్దాం అనుకోకుండా చోటు దొరికినప్పుడల్లా చేసెయ్యండి.

కరెంటు లెక్క సులువే. క్యాంప్‌సైట్‌లో 6 ఆంపియర్లు ఇస్తే 230 వోల్టుల మీద 1,380 వాట్లు. 700 వాట్ల రైస్ కుక్కర్ హాయిగా నడుస్తుంది, 750 వాట్ల మిక్సీ కూడా, కానీ రెండూ కలిపి వద్దు. 2,000 వాట్ల ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టగానే ఫ్యూజు ఎగిరిపోతుంది. బుక్ చేసేటప్పుడే 10 ఆంపియర్లు ఉందా అని అడగండి. నీలం రంగు మూడు పిన్నుల ప్లగ్ ఉంటుంది, ఫ్రాన్స్‌లో పాత సైట్లలో ఇంటి ప్లగ్ పాయింటే ఉండొచ్చు, అడాప్టర్ అడిగి తీసుకోండి.

గ్యాస్ సిలిండర్లు స్పెయిన్‌వి ఫ్రాన్స్‌లో మార్చుకోలేం, ఫ్రాన్స్‌వి స్పెయిన్‌లో మార్చుకోలేం. క్యాంపింగ్‌గాజ్ 907 నీలం సిలిండర్ మాత్రం రెండు దేశాల్లోనూ దొరుకుతుంది, అందులో 2.75 కిలోలు. చలి రాత్రుల్లో లోపల వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించి ఉంచడం ప్రాణాంతకం, హీటర్ పనిచెయ్యకపోతే దుప్పట్లే.

## 9. వంట, తిండి

ఇండియా నుంచి వచ్చేవాళ్ళు నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు తేకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి, చింతపండు చాలు.

తాలింపు వ్యాన్ లోపల పెడితే వారం రోజులు పరుపులు కూడా వాసనొస్తాయి, పొగ అలారం మోగుతుంది. క్యాంప్‌సైట్ రోజున బయట చిన్న స్టవ్ మీద తాలింపులు, పులిహోర ముద్ద, పప్పు చేసి పెట్టుకోండి, పార్కింగ్ రోజున లోపల అన్నం మాత్రం వండి కలుపుకోండి, లేదా పెరుగన్నం. మా ఇంట్లో ఇది బాగా కుదిరింది.

స్పెయిన్ వైపు ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారమే పాలు, పెరుగు కొనేసుకోవాలి. చిన్న షాపులు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఉండవు.

పించో (చిన్న చిన్న చిరుతిళ్ళు) బార్లలో నిలబడి తినడమే పద్ధతి. కౌంటర్ మీదవి చల్లవి, నల్లబోర్డు మీద రాసినవి వేడిగా చేసిస్తారు, డబ్బు చివర్లో. శాకాహారులు "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్" అని మూడూ అనాలి, ఉత్త "వెజిటేరియన్" అంటే ట్యూనా వేసిన సలాడ్ వస్తుంది. గిల్దా చూడ్డానికి ఆలివ్, మిరపకాయే కానీ మధ్యలో చేప ఉంటుంది. గెర్నికా మిరపకాయల వేపుడు, ఇడియాసాబల్ గొర్రెపాల జున్ను, పుట్టగొడుగులు అడగండి, గుడ్డు తినేవాళ్ళకి బంగాళాదుంప తోర్తియా. తొలోసా నల్ల చిక్కుడుగింజలు మన ఉలవచారులా చిక్కగా ఉంటాయి, కాకపోతే పంది మాంసం వేసి వండారేమో అడిగి తీసుకోవాలి. ఎస్పెలెత్ మిరపకాయ కారం ఉండదు, రంగు, వాసన కోసమే, మనకి కారం కావాలంటే మన డబ్బా మనం పట్టుకెళ్ళాల్సిందే.

చకోలి, సిడర్ రెండూ మందే. అవి తాగితే ఆ రాత్రి బండి కదపొద్దు.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వెంటనే ఏం చెయ్యాలి

అడ్డకమ్మీ కిందికి దూరిపోయారు. హారన్ కొట్టి వెనకవాళ్ళని ఆపండి, ఒకరు దిగి చూస్తుండగా నిదానంగా వెనక్కి తియ్యండి, ముందుకి ఒక్క అంగుళం కూడా పోవద్దు.

జీపీఎస్ సన్న సందులోకి తీసుకెళ్ళింది. కారు సెట్టింగ్‌లో వాడటం వల్ల ఇది జరుగుతుంది. బండి కొలతలు ఇచ్చే యాప్ వాడండి, చిక్కుకుంటే సిగ్గుపడకుండా హజార్డ్ లైట్లు వేసి సాయం అడగండి, అక్కడి జనం దిగి మరీ వెనక్కి తీయిస్తారు.

పొద్దున గోడలు, పరుపుల కింద తడి. నలుగురి ఊపిరి, వంట ఆవిరి. రాత్రి పైన వెంట్ రెండు వేళ్ళంత తెరిచి పెట్టండి, పొద్దున పరుపులు నిలబెట్టండి.

బ్యాటరీ రాత్రికి అయిపోయింది. రెండు రోజులు బండి కదపకుండా పార్కింగ్‌లో ఉంటే ఇంతే. మూడో రాత్రికి కరెంటు ఉన్న సైట్ పెట్టుకోండి.

గాలి ఉన్నట్టుండి తిరిగింది. ఎండ కాస్తుండగానే వాయవ్యం నుంచి గలెర్నా అనే చల్లగాలి విరుచుకుపడుతుంది, నిమిషాల్లో చలి. క్యాంప్‌సైట్ వదిలి బయటికెళ్ళేటప్పుడు నీడగుడ్డ చుట్టేసే వెళ్ళండి.

కిటికీ పగలగొట్టి బ్యాగులు ఎత్తుకెళ్ళారు. బీచ్, ట్రెక్ పార్కింగుల్లో జరుగుతుంది. పాస్‌పోర్ట్‌లు ఒంటి మీదే ఉండాలి. జరిగితే 112, పోలీస్ రిపోర్ట్ కాగితం తీసుకోకుండా ఊరు వదలొద్దు, ఇన్సూరెన్స్‌కీ కొత్త పాస్‌పోర్ట్‌కీ అదే ఆధారం.

## 11. కదిలే ముందు రోజూ చదవాల్సిన లిస్ట్

మేం దీన్ని తలుపు మీద అతికించాం, మా ఆయన బయట, నేను లోపల, పిల్లలు పైకి చదువుతారు.

- పైకప్పు వెంట్లు, కిటికీలు మూశామా
- గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టామా
- కరెంటు వైరు పీకి చుట్టామా
- బయట మెట్టు లోపలికి వెళ్ళిందా
- కుక్కర్, స్టీల్ డబ్బాలు, పచ్చడి సీసా కింది అరలోకి వెళ్ళాయా
- అలమర్లు, ఫ్రిజ్ తలుపు లాక్ అయ్యాయా
- వాడిన నీళ్ళ కుళాయి మూశామా
- టైర్ల కింద చెక్కలు తీశామా
- అందరి బెల్టులు
- ఈ రాత్రి చోటు, దాని ప్రత్యామ్నాయం, రెండూ జీపీఎస్‌లో పెట్టామా